నవ్వాల్సిన షాట్

ఆ వేసవి మొదట్లోనే మా నాన్నను చంపేశారు. సీరియల్లో లెండి. మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చే సీరియల్లో ఆయన పెద్దకోడలి తండ్రి. ఒక సోమవారం పెద్దకోడలు పుట్టింటి హాల్లోకి పరుగెత్తుకొచ్చేసరికి గోడ మీద నాన్న ఫొటో, దానికో గులాబీల దండ, కింద ఒక దీపం. ఎలా పోయాడో, ఎప్పుడు పోయాడో ఎవరూ చెప్పలేదు. మోతీనగర్లో మా ఇంట్లో కంచం ముందు కూర్చుని ఆ సీను చూసిన మా అమ్మ సత్యవతి టక్కున టీవీ కట్టేసి, "ప్రభువా, బతికున్న మనిషికి దండేమిటి!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పక్కనే కూర్చుని అదే సీను చూసిన నాన్న మాత్రం పప్పన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. మొహంలో ఏమీ లేదు.

మా నాన్న సుందర్ రాజు. పేరు చెబితే మీకు తెలియకపోవచ్చు గానీ మొహం చూస్తే "ఓహో, ఈయనా" అంటారు. పీటల మీద పెళ్ళి ఆగిపోతే పందిట్లో కూలబడే తండ్రి, ఉద్యోగం పోయిన గుమాస్తా, కొడుకు చేత తన్నులు తినే మాస్టారు, అన్నీ ఆయనే. ఫిల్మ్ నగర్లో ఆయన్ని కుళాయి సుందర్రాజు అంటారు, తిప్పితే చాలు నీళ్ళొస్తాయని. "రాజుగారూ, మీ ఒక్క మొహంలోనే నలుగురి ఏడుపూ ఏడ్చేస్తే మిగతా ముగ్గురూ ఏం చేయాలండీ" అని దర్శకులు విసుక్కునేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. చేపలు బేరమాడి మోసపోయి వస్తే గుమ్మంలోనే తెలిసిపోయేది. ఆయన నోరు విప్పేలోపే అమ్మ "ఈసారి ఎంత టోపీ వేశాడు?" అని అడిగేది.

అలాంటి మనిషిని సీరియల్లోంచి ఎందుకు తీసేశారంటే, రియాక్షన్ రావడం లేదట. మన సీరియళ్ళలో ఎవరైనా ఒక కబురు చెబితే గదిలో ఉన్న ప్రతి మొహం మీదకీ కెమెరా వెళ్ళాలి, మొహానికో ఉరుము ఉరమాలి. ఆ వరసలో నాన్న మొహం దగ్గరికొచ్చేసరికి ఉరుము ఒక్కటే మిగులుతోందని వాళ్ళ ఫిర్యాదు. వయసు మీద పడి బద్ధకం వచ్చిందనుకున్నాను నేను. అమ్మ దిష్టి తగిలిందనబోయి, చర్చికి వెళ్ళే మనిషినని గుర్తొచ్చి ఊరుకుంది.

దండ పడిన వారానికో ఎప్పుడో ఫోనొచ్చింది, జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా ఆఫీసు నుంచి. కొత్త దర్శకుడు, పేరు రిత్విక్. నా వయసే ఉంటుంది. నాన్న అడుగులు ఆ మధ్య చిన్నవైపోయి, మెట్లెక్కాలంటే ఆలోచిస్తున్నాడని నేనూ తోడు వెళ్ళాను. ఏసీ గదిలో, గాజు బల్ల వెనక కూర్చుని రిత్విక్ కథ చెప్పాడు. కూతురు తనకిష్టమైనవాణ్ణి చేసుకుని వెళ్ళిపోతుంది. తండ్రి రాయిలా అయిపోతాడు. ఎవరేమన్నా ఆ మొహం కదలదు. సినిమా అంతా కదలదు. చివర్లో కూతురు వచ్చి తలుపు కొడుతుంది, ఆయన తీస్తాడు, చూస్తాడు, నవ్వుతాడు. కట్ లేకుండా ఒకటే షాట్. సినిమా అయిపోతుంది.

"ఆ నవ్వు కోసమే అంకుల్ ఈ సినిమా. అప్పటిదాకా మీరు నాకు ఏమీ ఇవ్వకూడదు," అన్నాడు.

తర్వాత కెమెరా పెట్టి, కూతురు వెళ్ళిపోయిందన్న కబురు ఇప్పుడే విన్నారనుకోండి, చేసి చూపించండి అన్నాడు. నాన్న కుర్చీలో కూర్చుని కెమెరా వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. రిత్విక్ మానిటర్ ముందు నుంచి మెల్లిగా లేచి నిలబడ్డాడు. "చాలా మందిని చూశానండీ. ఏమీ చేయకుండా ఉండండి అంటే ఒక్కరికీ చేతకాలేదు. ఎంత అండర్‌ప్లే చేశారు!" అని నాన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఓవర్ చేస్తావని జీవితమంతా తిట్లు తిన్న మనిషికి ఆ మాట వినడం అదే మొదటిసారి.

మెట్లు దిగుతుంటే నాన్న నా భుజం పట్టుకుని ఆగాడు. "అతనేం చూశాడో నాకర్థం కావడం లేదు ఫెబా. నేను మామూలుగానే ఏడ్చాను," అన్నాడు. జోకనుకుని పడీ పడీ నవ్వాను.

షూటింగ్ మొదలైంది. ఎండలతో పాటు నాన్న పేరూ పెరిగింది. సెట్‌కి వచ్చినవాళ్ళు మానిటర్లో చూసి నోళ్ళు వెళ్ళబెడుతున్నారట. నన్ను ఏనాడూ పలకరించని మేనేజర్లు నేను పనిచేసే డబ్బింగ్ స్టూడియోలో ఆపి, "మీ ఫాదర్ ఇరగదీస్తున్నారటగా" అంటున్నారు. మా బంధువుల్లో ఒకాయన ఫోన్ చేసి ఈసారి అవార్డు ఖాయమన్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరూ గుర్తించలేదు గానీ మా నాన్న లోపల ఎంత నటుడున్నాడో అని నేనూ పొంగిపోయాను.

ఇంట్లో మాత్రం అమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఒకరోజు ఆమె పనిగట్టుకుని వెళ్ళి అమీర్‌పేటలో ఆయనకో చొక్కా తెచ్చింది, ఆకాశం రంగుది, సినిమా ఫంక్షన్‌కి వేసుకుంటాడని. మడత విప్పి ఆయన ముందు పట్టుకుని నిలబడింది. నాన్న చూశాడు. "బాగుంది సత్యా," అన్నాడు. ఆ అనడం బస్సు ఎన్నింటికని అడిగితే జవాబు చెప్పినట్టుంది. అమ్మ చొక్కా మళ్ళీ మడత పెట్టింది.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఆ మొహం నాకు పెట్టకండి."

"బాగుందనే కదా అన్నాను."

"సెట్లో ఆ చూపు చూస్తే చప్పట్లు కొడతారేమో. నేను మీ పెళ్ళాన్ని, డైరెక్టర్ని కాదు. సినిమా వేషం రాగానే మేము కంటికి ఆనడం లేదా?"

నాన్న ఏదో అనబోయాడు. మాట వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నేను వెళ్ళేసరికి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తోంది. "పెళ్ళయిన నాటి నుంచీ ఆ మొహం చూసి బతికానే ఫెబా. ఇప్పుడు ఆయన నన్ను చూస్తుంటే ఎవరో అద్దెకున్నవాళ్ళని చూసినట్టు చూస్తున్నాడు," అంది. నాకు నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను.

నా పని డబ్బింగ్ చెప్పడం. హీరోయిన్లకి కాదు, హీరోయిన్ స్నేహితురాళ్ళకి, నర్సులకి, అప్పుడప్పుడు చిన్నపిల్లలకి. తెర మీద మూతి ఎలా కదిలితే మాట అలా అతికించాలి కాబట్టి మనుషుల మొహాలు చూడటమే నాకు తిండి పెడుతోంది. మే నెలలో సినిమా తాలూకు గ్లింప్స్ అని చిన్న వీడియో ఒకటి వదలాలని నాన్నను ఫిల్మ్ నగర్లో నేను పనిచేసే స్టూడియోకే పిలిపించారు. ఆయనది ఒకటే డైలాగు, "తలుపు వేసెయ్." ఇంజనీరు అద్దం అవతల నుంచి "సార్, కొంచెం గట్టిగా... సార్, ఇంకొంచెం ఫోర్స్" అంటూనే ఉన్నాడు. నాన్న గొంతు నూతిలోంచి వస్తోంది. నేను ఇంజనీరు పక్కన కూర్చుని తెర చూస్తున్నాను.

తెర నిండా నాన్న మొహమే. ఆ షాట్‌లో వెనకెక్కడో గ్లాసు పడి పగులుతుంది. నాన్న భుజాలు ఉలిక్కిపడతాయి. మొహం ఉలిక్కిపడదు. డబ్బింగ్ కోసం అదే ముక్క, లూపు, మళ్ళీ తిరిగింది. గ్లాసు పగిలింది, భుజాలు అదిరాయి, మొహం అలాగే ఉంది. రెప్ప పడుతుందేమోనని చూశాను. పడలేదు. మళ్ళీ తిరిగింది. దాచుకునే నటుల్ని నేను రోజూ చూస్తాను. ఎంత గొప్పవాడైనా గొంతు దగ్గరో, ముక్కుపుటం దగ్గరో, దవడ కిందో దాచిన చోటు కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కడ వెతికినా అది దొరకలేదు. సామాన్లన్నీ తీసుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది ఆ మొహం. ఇది నటన కాదని నాకప్పుడు తెలిసింది.

మర్నాడు అమ్మనీ తీసుకుని నరాల డాక్టర్ భువన గారి దగ్గరికి వెళ్ళాం. ఆమె నాన్నను నడిపించి చూసింది, బొటనవేలితో చూపుడువేలు టకటకా కొట్టించింది, పేరు రాయించింది. ఎడమ చెయ్యి నడకలో ఊగడం లేదంది. తర్వాత ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీరు నటులట కదండీ. ఒకసారి కోపంగా మొహం పెట్టండి."

నాన్న పెట్టాడు.

"ఇప్పుడు ఆశ్చర్యం."

పెట్టాడు.

"భయం. ఇప్పుడు సంతోషం."

నాన్న నుదుటి మీంచి చెమట కారుతోంది. ముప్పై ఏళ్ళలో ఏ దర్శకుడి ముందూ అంత కష్టపడి ఉండడు. డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి, ఎంతో మర్యాదగా, "నాలుగూ ఒకేలా ఉన్నాయండీ," అంది.

పార్కిన్సన్స్ అంది. "దానికి చేతులు వణకాలి కదండీ?" అని అమ్మ ఆశగా అడిగింది. అందరికీ వణుకుతోనే మొదలవదని, కొందరికి ముందు మొహం బిగుసుకుపోతుందని ఆమె చెప్పింది. "ఆయనకి కోపం, నవ్వు, దుఃఖం అన్నీ మామూలుగానే కలుగుతుంటాయమ్మా. మొహానికి కబురు అందడం లేదు, అంతే. తన మొహం కదలడం లేదని ఆయనకే తెలియకపోవచ్చు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "అయితే నా మీద కోపం కాదన్నమాట," అంది. ఆ మాట మళ్ళీ అంది. అంత దుఃఖంలో ఆమెకి అదొక్కటే చేతికి దొరికింది పాపం. నాన్న ఆమె వైపు తిరిగి, "నీ మీద నాకు కోపమేంటి సత్యా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడూ అదే మొహం. ఇక మీదట నేను ఆ మొహాన్ని వదిలేసి మాటనే నమ్ముకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడం తేలికే.

బయటికొచ్చి ఆటో ఎక్కబోతూ నాన్న ఆగిపోయాడు. "చివరి షాట్ అయ్యేదాకా ఈ మాట మన ముగ్గురి మధ్యే ఉండాలి."

"ఎలా కుదురుతుంది నాన్నా? రిత్విక్‌కి చెప్పొద్దూ?"

"చెబితే ఏమవుతుందో నీకు తెలియదా? మొహం పనిచేయని నటుణ్ణి ఎవడుంచుకుంటాడు? తీసిందంతా అవతల పారేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. లేదంటే జాలిపడి ఉంచుకుంటారు, అది ఇంకా ఘోరం." అమ్మ వైపు తిరిగి రోడ్డు మీదే చేతులు జోడించాడు. "ఇన్నేళ్ళకి ఒక్కడు నన్ను నటుడన్నాడు సత్యా. అది నటన కాదని చెప్పుకుని నేనెట్లా తిరగను? ఆ నవ్వు ఒక్కటి నా చేత చేయించండి. తర్వాత మీరు ఏమన్నా ఒప్పుకుంటాను."

మేమిద్దరం ఒప్పుకున్నాం. అలా మా ఇల్లు నవ్వు నేర్పే బడి అయింది.

పొద్దున్నే మాత్ర వేసుకున్నాక కాసేపటికి ఆయన ఒళ్ళు కాస్త వదులయ్యేది. ఆ సమయం చూసుకుని అద్దం ముందు కూర్చోబెట్టేవాళ్ళం. అమ్మ వేడినీళ్ళ గుడ్డతో చెంపలు కాచేది. నేను ఫోన్ కెమెరా పట్టుకుని, "నాన్నా, ఎడమవైపు ఇంకొంచెం, ఊఁ, వస్తోంది, వస్తోంది" అనేదాన్ని. రానిరోజే ఎక్కువ. వచ్చినరోజు పెదవి ఒక మూల మెల్లిగా పైకి లేచేది, తుప్పుపట్టిన షట్టర్ ఒకవైపు నుంచి లేచినట్టు. ఆమాత్రానికే అమ్మా నేనూ చప్పట్లు కొట్టేవాళ్ళం. చప్పట్లకి నాన్నకు ఉత్సాహమొచ్చేది, ఉత్సాహమొచ్చినట్టు కనిపించేది కాదు. అందుకని అమ్మ ఒక నియమం పెట్టింది. ఏం అనిపిస్తే అది పైకి చెప్పాలి. "సత్యా, నాకిప్పుడు సరదాగా ఉంది," అనేవాడు నాన్న, స్టేషన్లో రైలు ఆలస్యం గురించి చెప్పే గొంతుతో. "ఫెబా, నువ్వు ఫోన్ మొహంలో పెడుతుంటే నాకు చిరాగ్గా ఉంది." మేము నవ్వేవాళ్ళం. నవ్వి, ఎవరి గదిలో వాళ్ళం ఏడ్చేవాళ్ళం.

చర్చిలో ప్రార్థన చేయిద్దామని అమ్మ పోరింది. నాన్న ఒప్పుకోలేదు. మా చర్చికి జూనియర్ ఆర్టిస్టులు చాలామంది వస్తారు, ఆదివారం చెప్పిన సంగతి సోమవారానికి ఫిల్మ్ నగర్ అంతా తిరిగి వస్తుంది. ఆఖరికి అమ్మ పేరు చెప్పకుండా, "ఒక సహోదరుడి మొహం కోసం" అని ప్రార్థన అడిగింది. మొటిమలేమో అనుకుని కుర్రాళ్ళు నవ్వారట. ఆ సంగతి చెబుతూ అమ్మ ఏడ్చింది, అంతలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

జూన్ వచ్చింది. మబ్బు పడుతోంది గానీ వాన పడటం లేదు. చివరి షాట్ రోజు నాన్న అమ్మ తెచ్చిన ఆకాశం రంగు చొక్కా వేసుకుని బయల్దేరాడు. స్టూడియోలో వేసిన ఇంటి సెట్. పొద్దున్నే షాట్ అన్నారు కాబట్టి అమ్మ లెక్క చూసుకుని దార్లోనే మాత్ర వేసింది. మేకప్ తిరుమలేశ్ నాన్నను కూర్చోబెట్టుకుని, "జర తల పైకెత్తుండ్రి సార్. ఇయ్యాల మీదే కదా పండుగ," అంటూ పౌడరద్దాడు. నాన్న పెదవి మూల కదులుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో కబురు, కూతురి వేషం వేసే సాయిసుధ ఇంకా రాలేదని. ఆమె విమానం ఆలస్యమైంది. ఆమె వచ్చాక కేశాలంకరణ, అది అయ్యాక లైటింగ్ మార్చారు, అది మార్చాక భోజనాలన్నారు. మేము చూస్తుండగానే నాన్న మొహం మళ్ళీ మెల్లిగా బిగుసుకుపోయింది. ఆయన అమ్మ వైపు చెయ్యి చాచాడు.

"ఇంకోటి ఇవ్వు."

"రాత్రిదాకా వేయొద్దన్నారండీ డాక్టరమ్మ."

"ఇవ్వు సత్యా."

అమ్మ సంచిలోంచి మాత్ర తీసి ఇచ్చింది. ఇచ్చి, "నేను చూడలేనే, గేటు దగ్గరుంటాను," అని నాతో చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాత్రకి నాన్నకు కడుపులో తిప్పింది, కళ్ళు తిరిగాయి, మొహం మాత్రం కదల్లేదు.

షాట్ మొదలైంది. నాన్న తలుపు తీస్తాడు, సాయిసుధ నిలబడి ఉంటుంది, కెమెరా ఆమె భుజం మీంచి నాన్న మొహం మీదికి వెళుతుంది. మొదటి టేక్. నాన్న చూశాడు. చూస్తూనే ఉన్నాడు. "కట్," అన్నాడు రిత్విక్. రెండోది. మూడోది. రిత్విక్ వచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"అంకుల్, ఇన్నాళ్ళూ అద్భుతంగా కంట్రోల్ చేశారు. ఇప్పుడు ఆ కంట్రోల్ వదిలేయండి. అంతే."

"వదిలేస్తున్నాను బాబూ," అన్నాడు నాన్న.

మళ్ళీ తీశారు. మళ్ళీ కట్. యూనిట్‌లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో వెనకాల, "ముసలాయన బెట్టు చేస్తున్నాడ్రా" అన్నారు. ఒక అసిస్టెంట్, సొంత కూతురు ఎదురుగా ఉంటే ఫీల్ వస్తుందేమోనని, నన్ను కెమెరా పక్కన నిలబెట్టాడు. నేను నిలబడి నాన్నను చూశాను. ఆయన నన్ను చూశాడు. నాన్నా, రా, రా, ఇంట్లో వచ్చింది కదా, ఒక మూలైనా రా అని లోపల మొత్తుకుంటున్నాను. లైట్లకి ఆయన చెంపల మీద చెమట మెరుస్తోంది. ఇంకేమీ లేదు. కట్ అన్నాక ఆయన తలుపు పట్టుకుని తూలడం చూసి నేనిక తట్టుకోలేకపోయాను. రిత్విక్‌ని సెట్ వెనక్కి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను.

అతను వింటున్నంతసేపూ నేనతని మొహమే చూశాను. ముందు అందులో భయం కనిపించింది. తర్వాత కళ్ళు ఎటో తిరిగాయి, ఇప్పటిదాకా తీసిందంతా లోపల వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడని తెలుస్తోంది. ఆ తర్వాత ఎర్రబడ్డాడు.

"నేనది యాక్టింగ్ అనుకున్నానండీ," అన్నాడు. "ఆడిషన్లో... ఆయన ఏడ్చారా?"

"ఏడ్చాడు."

రిత్విక్ సెట్ వైపు తిరిగి, "ఇంకొక్క టేక్ చేస్తాను. ఓకే అంటాను. తర్వాత కెమెరా ఆయన వీపు మీంచి సాయిసుధ మీద పెట్టుకుంటాను. ఆయన నవ్వాడని ఆ అమ్మాయి మొహంలో చూస్తే జనానికి తెలిసిపోతుంది. ఆయనకి మాత్రం మీరు చెప్పకండి," అన్నాడు. అతనికి దణ్ణం పెట్టాను.

ఆఖరి టేక్ తీశారు. నాన్న తలుపు తీశాడు. ఈసారి ఆయన సాయిసుధను చూడలేదు, ఆమె పక్కనుంచి నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు తెలిసిన అన్ని చోట్లా వెతికాను. కళ్ళ కింద, పెదవి మూల, గడ్డం దగ్గర. ఎక్కడా ఏమీ కదల్లేదు. "ఓకే! షాట్ ఓకే అంకుల్!" అని రిత్విక్ కేక పెట్టాడు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. నటుడి పని అయిపోయిన రోజు ఇచ్చే పూలగుచ్ఛం తెచ్చి నాన్న చేతిలో పెట్టారు.

కెమెరా అటు తిప్పి సాయిసుధ మీద లైట్లు సర్దుకుంటున్నారు. మేము ఒక మూల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. తిరుమలేశ్ మేకప్ తుడుస్తూ, "ఏంది సార్, పానం బాగలేదా? చేతులు గిట్ల సల్లగున్నయ్," అన్నాడు. అలసటేలే అన్నాన్నేను. అతను పెట్టె సర్దుకుని వెళ్ళాక నాన్న నన్ను పిలిచాడు.

"ఫెబా. వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. రిత్విక్ ఓకే అన్నాడుగా."

"అతని సంగతి వదిలెయ్. నువ్వు పక్కనే నిలబడ్డావుగా. నాకు వచ్చినట్టే అనిపించింది. నిన్ను చూడగానే చెంపలు లాగినట్టు కూడా అనిపించింది. ఇటు తిరిగి చెప్పు."

తిరిగాను. "భలే వచ్చింది నాన్నా," అన్నాను. గొంతు సరిగ్గానే పలికింది, ఆ మాత్రం పనితనం నాకుంది. దానికి తగ్గట్టు నవ్వాను కూడా. నాన్న రెప్ప వేయకుండా నా మొహంలోకి చూశాడు. కళ్ళు చూశాడు, మూతి చూశాడు, మళ్ళీ కళ్ళు చూశాడు. బతుకంతా మొహాలతో పనిచేసిన మనిషి. ఒళ్ళో ఉన్న టవల్ తీసి నా చెంప తుడిచాడు.

"సరేలేమ్మా," అన్నాడు. "మీ అమ్మకి మాత్రం వచ్చిందనే చెబుదాం."

పూలగుచ్ఛం నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచాడు. చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ గేటు వైపు నడిచాం. అమ్మ మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. నాన్న ఉన్న ఓపికంతా తెచ్చుకుని, "వచ్చింది సత్యా!" అని కేకేశాడు. అమ్మ నా మొహం చూడకుండా పూలు అడ్డం పెట్టుకున్నాను.